వెంకటేశమునకు గురువెవరు?
(కన్యాశుల్కమున సాంగత్య విచారము)

పిల్లవాడు చెడినాడని తెలియగానే మనము మొదట అడుగు ప్రశ్న, "వాడెవరితో తిరుగుచున్నాడు?" అని. పిల్లవాడు బాగుపడినాడని విన్నప్పుడు మాత్రము ఆ ప్రశ్న మనకు తోచదు. అప్పుడు ఆ ఘనతను వంశమునకో, తండ్రి అదుపునకో, బడికో పంచిపెట్టుదుము. చెడుగంతయు స్నేహితుల సొమ్ము, మంచి యంతయు మన సొమ్ము! ఈ లెక్కలో ఎక్కడనో పొరపాటున్నదని, ఒడిస్సాలోని ఒక తెలుగు బడిలో ఇరువదియేండ్లుగా పాఠము చెప్పుచున్న నాకు చాలకాలముగా అనుమానము. ఆ అనుమానమును తీర్చుకొనుటకు నేను పలుమారు తిరిగి చదివిన గ్రంథము గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము.

ఈ నాటకము 1892లో విజయనగరమున తొలుత ప్రదర్శింపబడినది, 1897లో అచ్చయినది, 1909లో మిక్కిలి మార్పులతో, కొత్త నాటకమా యన్నట్లు, మరల వెలువడినది. నేనిచట గ్రహించినది ఈ రెండవ కూర్పును. దీనిని గూర్చి విమర్శకులు వ్రాసినది అపారము. కన్యావిక్రయమును గూర్చి, వితంతువుల దుఃస్థితిని గూర్చి, వేశ్యాసమస్యను గూర్చి, వాడుక భాష సొగసును గూర్చి ఎందరో వ్రాసిరి. గిరీశము, వెంకటేశము అను గురుశిష్యుల జంటను మాత్రము చాలమంది హాస్యమునకు పెట్టిన జంటగానే చూచి నవ్వి విడిచిరి. నా మనవి ఒక్కటి: బాలుడు తన ఆదర్శపురుషుని ఎట్లు ఎన్నుకొనునో, ఏల ఎన్నుకొనునో తెలుగున ఇంత సూక్ష్మముగా పరిశీలించిన రచన నాకు మరియొకటి కనబడలేదు. ఆ పరిశీలనమును వెలికి దీయుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

1. నీతిపద్యము చెప్పునది, చెప్పనిది

సాంగత్యమును గూర్చి మన పిల్లలకు మనము నేర్పునది శతకముల ద్వారమున. సుమతి, వేమన, భాస్కర శతకములు సజ్జన సాంగత్యమును పొగడి, దుర్జన మైత్రిని నిషేధించినవి. భర్తృహరి సుభాషితములకు ఏనుగు లక్ష్మణకవి చేసిన తెనుగుసేత మన బడులలో తరతరములుగా వల్లె వేయబడుచున్నది. కాలిన యినుముపై పడిన నీటిబొట్టు రూపుమాసిపోవుననియు, తామరాకున అది ముత్యమువలె మెరయుననియు, ముత్యపుచిప్పలో నిజముగా ముత్యమే యగుననియు చెప్పు ఉపమానము ఎరుగని తెలుగువాడుండడు. ఉపమానము మనోహరము. నేనును దానిని ఏటేట చెప్పుచుందును.

కాని చెప్పినప్పుడెల్ల ఒక సందేహము నన్ను బాధించును. నీటిబొట్టు తాను పడు చోటును ఎన్నుకొనదు. దానికి భయము లేదు, అవమానము లేదు, ఆశ లేదు. పన్నెండు పదునాలుగేండ్ల బాలునకు ఇవన్నియు కలవు. వాడెక్కడనో పడుట లేదు. వెదకుకొనుచు పోయి చేరుచున్నాడు. అట్లు ఏమి వెదకుచున్నాడో నీతిపద్యము చెప్పదు. అది దాని పనియు కాదు. నాలుగు పాదములలో ఫలమును మాత్రము చెప్పి ఊరకుండుట నీతిపద్య లక్షణము. కారణమును చెప్పవలసిన భారము కథదియు, కావ్యముదియు, నాటకముదియు.

2. పూర్వకావ్యముల సాక్ష్యము

కన్యాశుల్కమునకు పోవుటకు ముందు పూర్వకావ్యములలో రెండు ఘట్టములను స్మరింతము. అవి దారిని చూపును.

మొదటిది భారతము ఆదిపర్వమునందలి కుమారాస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టము. కర్ణుడు రంగమున నిలిచి అర్జునునితో సమానమైన విద్యను చూపెను. కృపుడు వాని కులగోత్రముల నడిగెను. కర్ణుడు తల వంచుకొనెను. ఆ సభలో భీష్ముడు కలడు, ద్రోణుడు కలడు, విదురుడు కలడు. వానిని కన్నతల్లియు కలదు. వారిలో ఎవ్వరును వాని పక్షమున నోరు విప్పలేదు. విప్పినవాడు దుర్యోధనుడొక్కడే. అంగరాజ్యమిచ్చి అభిషేకించి, ప్రతిఫలముగా మైత్రి నొక్కదానిని కోరెను. దుర్యోధనునకు అర్జునుని ఎదిరింపగలవాడు కావలెను. కర్ణునకు ఆ క్షణమున తన పక్షమున నిలుచువాడు కావలెను. ఇరువురి అవసరములు కలిసినవి. ఆ తరువాత ఉద్యోగపర్వమున కృష్ణుడు వచ్చి జన్మరహస్యము చెప్పినను, కుంతి వచ్చి వేడినను, కర్ణుడు దుర్యోధనుని విడువలేదు. తిక్కనగారి కర్ణునకు దుర్యోధనుని తప్పులు తెలియకపోలేదు. తెలిసియే విడువలేకపోయినాడు. అవమానవేళ తనకు చేయిచ్చి లేపినవాని ఋణము వానికి ధర్మముకంటె బరువైనది.

రెండవది తెనాలి రామకృష్ణుని పాండురంగ మాహాత్మ్యమునందలి నిగమశర్మోపాఖ్యానము. సద్వంశమున బుట్టిన నిగమశర్మ విటసాంగత్యమున చెడినాడు. వాని అక్క అత్తవారింటినుండి పిల్లలతో తరలివచ్చి, తమ్ముని చేరదీసి, బుజ్జగించి, హితము చెప్పినది. వాడు మారినట్లే నటించి, ఒకనాటి రాత్రి ఇంటిలోని నగలన్నియు మూటగట్టుకొని పారిపోయెను. కవి పేరైనను పెట్టని ఆ అక్క వ్యక్తిత్వమును రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు విడిగా ఒక వ్యాసమున విమర్శించి ఆమెకు తెలుగు విమర్శలో శాశ్వతస్థానము కల్పించిరి. ఆ శర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో చిరకాలము తెలుగు బోధించి, మనవలెనే తెలుగుదేశపు ఎల్లకు వెలుపల జీవించినవారు. వారు అక్క ప్రేమను చూపిరి. నేను ఒక చిన్న మాట చేర్చుదును. ఆమె ప్రేమలో లోపము లేదు, మాటలో నేర్పునకును లోపము లేదు. లోపము కాలమునందున్నది. విటులు తమ్మునితో దినదినము ఉన్నవారు. అక్క చుట్టపుచూపుగా వచ్చినది. ప్రతిదినము నడచు చెలిమిని, పది దినముల హితోపదేశము ఎట్లు గెలువగలదు?

ఈ రెండు కథలును రెండు సూత్రముల నిచ్చుచున్నవి. అవమానవేళ ప్రక్కన నిలిచినవాడు మనసున నిలుచును. దినదినము వెంటనుండువాడు ఎప్పుడో వచ్చి హితము చెప్పువానికంటె బలవంతుడు. గురజాడవారు ఈ రెండింటిని కలిపి ఒక బడిపిల్లవాని కథలో చూపిరి.

3. బొంకులదిబ్బనుండి అగ్రహారమునకు

నాటకము విజయనగరములోని బొంకులదిబ్బ కడ ఆరంభమగును. గిరీశమునకు పట్టణమున తలయెత్తుకొని తిరుగుటకు వీలు లేని స్థితి. పూటకూళ్ళమ్మ సొమ్ము కాజేసినాడు, ఇతర ఋణములును కలవు. పట్టణము విడిచి కొన్నాళ్ళు ఎచ్చటనైన తలదాచుకొనవలెను. సరిగా అదే సమయమునకు వెంకటేశము వచ్చును. వాడు పరీక్ష తప్పినాడు. క్రిస్మస్ సెలవులకు కృష్ణరాయపురాగ్రహారమునకు పోవలెను. ఇంటికి పోయిన తండ్రి అగ్నిహోత్రావధానులు చావగొట్టునని వణకుచున్నాడు. చదువు చెప్పు నెపమున తాను వెంట వచ్చెదనని గిరీశము అభయమిచ్చును.

కర్ణుని ఘట్టముతో దీనిని పోల్చి చూడుడు. ఒకచోట మహాసభ, ఇంకొకచోట ఒక దిబ్బ. ఒకచోట అంగరాజ్యము, ఇంకొకచోట ట్యూషను. పరిమాణమే భేదము, పోకడ ఒక్కటే. ఇచ్చువానికి తన స్వార్థము కలదు. పుచ్చుకొనువానికి తన అవమానము కలదు. పరీక్ష తప్పిన పిల్లవానికి ఆ సాయంకాలమున లోకమునందెల్ల తన ప్రక్కన నిలుచువాడు గిరీశమొక్కడే.

మరి వెంకటేశము మోసపోయినాడా? పలువురు అట్లనుకొందురు. నాటకమును శ్రద్ధగా చదివినచో అట్లు కాదని తెలియును. ఆ మొదటి రంగముననే, గిరీశమువలన తనకు అబ్బినది చుట్ట కాల్చుట తప్ప మరేమియు లేదని వాడు మొగము మీదనే అనగలిగినాడు. పిల్లవానికి కన్నులున్నవి. తన గురువు సరుకెంతయో వాడు తూచుకొనియే యున్నాడు. అయినను విడువడు. గురజాడవారి సూక్ష్మదృష్టి ఇచ్చట నున్నది. ఆదర్శపురుషుని గుణములను పరీక్షించి, ఉత్తీర్ణుడైనవానిని బాలుడు ఎన్నుకొనునని మనము భావింతుము. బాలుడు గుణములను చూచుటకు ముందు, తనను మనిషిగా చూచి మాటలాడువాడెవడని చూచును.

ఆ మాటకు గిరీశము ఇచ్చిన సమాధానము తెలుగువారికెల్ల తెలిసినదే. తనతో సంభాషించుటయే ఒక విద్య యని వాని గొప్ప. మనము నవ్వుదుము, నవ్వవలసినదే. కాని నవ్విన తరువాత ఒక క్షణము ఆగవలెను. ఆ డాంబికునినోట గురజాడవారు ఒక సత్యమును పలికించిరి. సంభాషణము నిజముగా విద్యయే. గిరీశము చేసిన ద్రోహము ఆ సూత్రములో లేదు, ఆ సూత్రమున ఖాళీ సరుకు నింపుటలో నున్నది.

ఇక నాటకములోని తక్కిన పెద్దలు వెంకటేశముతో ఏమి మాటలాడుదురో పరిశీలింతము. తండ్రికి కొడుకు చదువు ఖర్చు తెలియును. వాడేమి చదువుచున్నాడో తెలియదు. ఆయన కోపము ముందు ఎవరి మాటయు సాగదు. కొడుకు ఇంగ్లీషు వలన తన వ్యాజ్యములకు ఉపయోగము కలుగునేమో యను దృష్టి తప్ప ఆయనకు మరియొక దృష్టి లేదు. తల్లి వెంకమ్మకు కొడుకుపై ప్రాణము. వాడు గురువుతో ఇంగ్లీషున మాటలాడుట వినవలెనని ముచ్చటపడును. అప్పుడు గురుశిష్యులిద్దరును బడిపుస్తకములలోని ముక్కలను, పిల్లల పాటలను పొంతన లేక ఒకరిపై ఒకరు విసరుకొందురు. తల్లి మురిసిపోవును. ప్రేక్షకులు ఇచ్చట పగలబడి నవ్వుదురు. నాకు మాత్రము ఆ నవ్వునడుమ ఒక విచారము కలుగును. పరీక్ష తప్పి భయపడుచు వచ్చిన పిల్లవాడు తల్లియెదుట తలయెత్తుకొన గలిగినది ఆ బూటకపు సంభాషణము వలననే గదా!

మేనమామ కరటకశాస్త్రి యున్నాడు. తెలివిగలవాడు, మంచిమనసు గలవాడు, మేనకోడలి పెండ్లి చెడగొట్టుటకు అంత నాటకమాడినవాడు. ఆయన మేనల్లునితో పెట్టిన ప్రసంగమేది? వాడు చదివిన తెలుగు పద్యమునకు అర్థమడుగుట. బాలుడు చెప్పలేక దిక్కులు చూచును. గిరీశము నడుమ జొరబడి సర్దివేయును. చూడుడు: ఆప్తబంధువు పరీక్షాధికారి యైనాడు, మోసగాడు రక్షకుడైనాడు. శాస్త్రిగారి ప్రశ్న తప్పు కాదు. తెలుగు ఉపాధ్యాయుడనగు నేనును అదే ప్రశ్న నడుగుదును. అయినను, పరీక్ష తప్పిన గాయము మానకముందే మరియొక పరీక్ష పెట్టువానిని బాలుడు ఆశ్రయించునా? అర్థము చెప్పలేని వేళ తన్ను కప్పిపుచ్చినవానిని ఆశ్రయించునా?

అనగా వెంకటేశమునకు గురువును కుదిర్చినది గిరీశము నేర్పొక్కటే కాదు. పెద్దలు ఖాళీగా విడిచిన పీఠము.

ఆ పీఠము నెక్కినవాడు దానిని ఎట్లు వాడుకొనెనో తరువాతి కథ. పాఠము చెప్పు నెపమున, బుచ్చమ్మ చెవిని పడునట్లు వితంతువివాహమును గూర్చి ఉపన్యసించుట మొదలిడెను. శిష్యుని ముద్దుగా షేక్స్పియరని పిలిచెడివాడు వానిని తన పనికి మెట్టుగా వాడుకొనెను. తుదకు శిష్యుని అక్కనే లేవదీసికొని పోయెను. వెంకటేశము పొందిన నష్టము చుట్టతో ముగియలేదు. తనను నమ్మి ఇంటికి తెచ్చినవాని ఇల్లే గుల్ల చేయబడినది.

4. దోషము ఎవ్వరిది?

ఇదంతయు ఇంగ్లీషు చదువు దోషమని చెప్పినవారు కలరు. అగ్నిహోత్రావధానులవంటివారు నేటికిని అట్లే చెప్పుదురు. పేరు మాత్రము మార్చి ఒకప్పుడు సినిమా యనిరి, నేడు సెల్‌ఫోను అనుచున్నారు. గురజాడవారు ఈ తేలిక తీర్పునకు దారి విడువలేదు. విశాఖపట్టణపు వకీలు సౌజన్యారావు పంతులు ఇంగ్లీషు చదివినవాడే, సత్పురుషుడు. అగ్నిహోత్రావధానులు వేదము చదివినవాడే. చిన్నకూతురిని పదునెనిమిది వందల రూపాయలకు ముసలి లుబ్ధావధానులకు అమ్మజూపినవాడు. పుస్తకముల వలన మాత్రమే శీలము ఏర్పడునేని ఈ ఇరువురును తారుమారు కావలసియుండెను.

గిరీశమునందు ఆకర్షణయే లేదని చెప్పుటయు తగదు. కవి వానికి హాస్యమిచ్చెను, సమయస్ఫూర్తి నిచ్చెను, తెలుగు నాటకమున మరెవ్వరికిని లేని వాక్చాతుర్య మిచ్చెను. 1955లో వచ్చిన చలనచిత్రమున నందమూరి తారక రామారావుగారంతటి ప్రసిద్ధ నాయకుడు ఆ పాత్రను ధరించెను. ఏ తరము ప్రేక్షకులైనను గిరీశమును అసహ్యించుకొనలేకపోయిరి. ఇది రచయిత లోపమని కొందరనవచ్చును. నాకట్లు తోచదు. గిరీశము మనకు నచ్చుట నాటకమునకు అవసరము. మూడుగంటలు వానిని చూచి మనమే మురిసినప్పుడు, సంవత్సరముల తరబడి వాని వెంట తిరిగిన బాలుని మనము ఎట్లు నిందింపగలము? కవి మనలనందరిని కొంతసేపు వెంకటేశములను చేసి కూర్చుండబెట్టినాడు.

దీనికి ఎదురుగా నిలుచు పాత్ర మధురవాణి. లోకము చెడినదని చెప్పు స్త్రీ. ఆమె చివరి అంకమున సౌజన్యారావు పంతులు ఎదుట ఒక మాట చెప్పును. చెడని వారిని చెరపవద్దని తల్లి తనకు బోధించినదని దాని సారాంశము. ఆ మాటను నిలుపుకొనుటకే ఆమె తాను కోరిన ముద్దును తానే వలదనుకొనును. తల్లి చెప్పిన ఒక్క మాట, అంత ప్రతికూలమైన జీవితమున గూడ ఆమె వెన్నంటి నిలిచినది. బాలురకు గురువునని చెప్పుకొను గిరీశమునకు లేని నియమము వేశ్యకు కలదు. ఆదర్శము చూపగల అధికారము వృత్తివలన గాని, చదువు వలన గాని, కులము వలన గాని రాదని ఇంతకంటె గట్టిగా చెప్పుట ఎట్లు?

మరియొక చిత్రమును గమనింపవలెను. గిరీశమును ఒక ఆదర్శపురుషుని వెదకుకొనినాడు. సౌజన్యారావు పంతులును ఆశ్రయించి ఆయన శిష్యుడనని చెప్పుకొనినాడు. సత్పురుషుడైన పంతులు దానిని నమ్మినాడు. నిజము మధురవాణి చెప్పవలసివచ్చెను. అనుకరించువారందరు శిష్యులు కారు. పొగడువారందరు మిత్రులు కారు. ఆదర్శస్థానమున నున్న పెద్దలు తమ వెంటబడువారిని కన్నెత్తి చూడవలసిన బాధ్యత గలవారని కూడ ఈ ఘట్టము చెప్పుచున్నది.

5. కవి పొందిన సాంగత్యము

ఇంత ఎరిగిన గురజాడవారి స్వంత యౌవనము ఎట్టిది? 1883లో, ఇరువది యొక్క యేండ్ల ప్రాయమున, వారు ఇంగ్లీషులో "సారంగధర" యను కావ్యమును ప్రకటించిరి. అది కలకత్తాలో శంభుచంద్ర ముఖర్జీగారి దృష్టిని ఆకర్షించినది. ఆ సంపాదకుడు యువకుని ప్రతిభను మెచ్చుకొనియు, మాతృభాషలో వ్రాయుమని ప్రోత్సహించెను. ఎక్కడి కలకత్తా, ఎక్కడి విజయనగరము! ఆ పెద్దమనిషికి తెలుగు రాదు. అయినను ఒక యువకుడు వ్రాసినదానిని పూర్తిగా చదివి, వాని బలము ఎక్కడనున్నదో చెప్పెను. ఇదియు ఒక సంభాషణమే. దీనిలో ఖాళీ సరుకు లేదు.

ఇక స్నేహము. విజయనగరము బడిలో వారి సహాధ్యాయి గిడుగు వేంకట రామమూర్తిగారు. 1880లో రామమూర్తిగారు పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయులైరి. ఒకరు విజయనగరమున, ఒకరు పర్లాకిమిడిలో నున్నను ఆ చెలిమి తెగలేదు. పాఠశాలల పరీక్షాధికారి యేట్సు దొరయు, విశాఖపట్టణపు కళాశాలాధ్యక్షులు పి. టి. శ్రీనివాస అయ్యంగారును తోడుగా, ఆ ఇరువురు మిత్రులును వ్యావహారిక భాషకై పోరాడిరి. 1914లో గురజాడవారు మద్రాసు విశ్వవిద్యాలయమునకు తమ అసమ్మతి పత్రమును సమర్పించిరి. 1915లో వారు మరణించిన పిదప, రామమూర్తిగారు 1940లో కన్నుమూయువరకు ఆ పనిని విడువలేదు. ఒకని తరువాత ఒకడు మోయవలసిన బరువును పంచుకొనుటయే ఉత్తమమైత్రి.

గిడుగువారు మన ప్రాంతమువారికి మరింత ఆప్తులు. సవరలతో కలసిమెలసి, వారి భాషను వారినుండియే నేర్చి, వారి పిల్లలకు ఆ భాషలో చదువు చెప్పు ఉపాయము వెదకిరి. గురువు తానే శిష్యుడై కూర్చుండిన అరుదైన దృశ్యమది. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి దానిలో చేరినప్పుడు వారు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. మనము ఇక్కడనే నిలిచితిమి. వారు పాఠము చెప్పిన సీమలో నుండి ఈ వ్యాసమును ఇట్టి గ్రాంథికచ్ఛాయలో వ్రాయుట వారు మెచ్చు పని కాదు. సంచిక సంప్రదాయము నాచే ఇట్లు వ్రాయించినది.

6. మన బడి, మన వెంకటేశములు

ఇక నా తప్పు నొకదానిని చెప్పుకొనుట న్యాయము. కొన్ని యేండ్ల క్రిందట మా బడిలో తొమ్మిదవ తరగతి విద్యార్థి ఒకడుండెడివాడు. ఇంట తెలుగు, వీథిని ఒడియా, సినిమాలో హిందీ, పరీక్షలో ఇంగ్లీషు. నాలుగు భాషల నడుమ ఏదియు పూర్తిగా పట్టుబడని బాలుడు. ఒకనాడు వాని తెలుగు సమాధానపత్రములోని తప్పులను నేను తరగతి అందరియెదుట చదివి వినిపించితిని. పిల్లలు నవ్విరి. నేనును నవ్వితిని. ఆ మరుసటి వారమునుండి వాడు ఒక యువకుని మోటారు సైకిలు వెనుక కనబడజొచ్చెను. జుట్టు మారెను, నడక మారెను, మాట మారెను. నేను వానిని పిలిచి దుర్జన సాంగత్యమును గూర్చి పద్యములు చెప్పితిని. వాడు ఓపికగా విని ఇట్లనెను: "ఆ అన్న నన్ను ఎన్ని మార్కులొచ్చాయని అడగడు, మాస్టారూ. తిన్నావా అని అడుగుతాడు."

నాకు సమాధానము తోచలేదు. వాడు పదవ తరగతి పూర్తి చేయకయే బడి మానెను. ఆ యువకుని నేను గిరీశమనుకొంటిని. తరువాత తెలిసినది, గంజాము నుండి వేలాదిమంది పోవునట్లే అతడును సూరతు మరమగ్గములలో పనికి పోయి, ఆ బాలుని గూడ వెంట తీసికొనిపోయి, అచ్చట పని ఇప్పించి, తన గదిలోనే పెట్టుకొనెనని. అతడు గిరీశము కాడు. తనకు తెలిసిన లోకములో ఒక తమ్మునికి దారి చూపినవాడు. చదువు ఆగిపోయిన మాట నిజము. అందులో అతని పాలు ఎంతయో, తరగతిలో నవ్విన నా పాలు ఎంతయో ఇప్పటికిని నేను తేల్చుకొనలేదు. కన్యాశుల్కము చదువునప్పుడు గిరీశముపై వ్రేలు చూపుట సులభము. అగ్నిహోత్రావధానులలో తన్ను తాను చూచుకొనుట కష్టము.

ఆనాటినుండి రెండు మార్పులు చేసికొంటిని. ఏ పిల్లవాని తప్పును పదిమందిలో చదువను. సాయంకాలము బడి విడిచిన తరువాత అరగంట చెట్టుక్రింద కూర్చుందును. వచ్చినవారితో మార్కుల ప్రసంగము తప్ప అన్నియు మాటలాడుదును. ఒక్కొక్కనాడు పదిమంది వత్తురు, ఒక్కొక్కనాడు ఎవ్వరును రారు. రానినాడును కూర్చుందును. నిగమశర్మ అక్క నేర్పిన పాఠమది: అప్పుడప్పుడు వచ్చి చెప్పిన హితము చాలదు.

తెలుగునాటి వెలుపల నున్న మనకు ఈ విచారము మరింత అవసరము. పిల్లవాడు తాను మెచ్చినవాని భాషను మెచ్చును. వాడు చూచి అబ్బురపడు ఆటగాడు, నటుడు, ఉద్యోగి, వ్యాపారి ఎవ్వరును వానితో తెలుగున మాటలాడనిచో, తెలుగు వానికి అమ్మమ్మ భాషగానే మిగిలిపోవును. ప్రేమయుండును, గౌరవముండదు. మా బడికి వత్సరమునకొకమారు పెద్దలు వచ్చి పూలదండలు వేయించుకొని, తెలుగు తీపిని గూర్చి ఉపన్యసించి పోవుదురు. వారియెడ నాకు కృతజ్ఞత కలదు. అయినను మనవి చేయుచున్నాను: దండ వలదు, ఉపన్యాసము వలదు. మన సంఘములోని నర్సు, రైలు ఉద్యోగి, దుకాణదారు, న్యాయవాది నెలకొక సాయంకాలము వచ్చి, నలుగురు పిల్లలతో తెలుగున తమ పనిని గూర్చి మాటలాడినచో అది పది ఉపన్యాసముల పెట్టు. బరంపురమైనను, హోసూరైనను, బళ్ళారియైనను, యానామైనను ఇది డబ్బు లేకయే చేయగల పని.

చివరి మాట. కన్యాశుల్కపు తుది రంగమున గిరీశముండును, సౌజన్యారావు పంతులుండును, మధురవాణి యుండును. బుచ్చమ్మను పూనాలోని వితంతుశరణాలయమునకు పంపు ఏర్పాటగును. గిరీశమునకు తగిన శాస్తి జరుగును. వెంకటేశము మాత్రము అచ్చట లేడు. పరీక్ష తప్పిన ఆ బాలుడు ఏమయ్యెను, ఎవరి చేతిలో పడెను, మరల బడికి పోయెనా యను ప్రశ్నలకు నాటకమున సమాధానము లేదు. కవి మరచెనని నేననను. వానిని ఆయన మన చేతులలో విడిచిపోయెనని నా విశ్వాసము. మన బడులలో వాడు నేడును కూర్చుండియే యున్నాడు, చాలవరకు వెనుక బల్లమీద.